మే తొమ్మిది నాటి ఖాళీ వరుస

సాయంత్రం రిజిస్టరు మూసేముందు రెండు వరుసలు ఖాళీగా వదిలేయడం నాకు అలవాటు. మా ఆఫీసు నుంచి బయటికి వెళ్లే ప్రతి ఉత్తరానికీ డిస్పాచ్ రిజిస్టరులో ఒక నంబరు పడాలి. ఆ రోజు చివరి ఉత్తరం నంబరు పది అయితే, దాని కింద పదకొండు, పన్నెండు అని అంకెలు మాత్రం వేసి, ఎదురుగా ఏమీ రాయకుండా విడిచిపెడతాను. మర్నాడు లెక్క పదమూడు నుంచి మొదలవుతుంది. తర్వాత ఎప్పుడైనా పాత తేదీతో ఒక ఉత్తరం పంపవలసి వస్తే దానికి చోటు ఉంటుంది.

ఇది ఏ నిబంధనల పుస్తకంలోనూ లేదు. ఇరవై తొమ్మిదేళ్ల కిందట జగిత్యాలలో నేను జూనియర్ అసిస్టెంటుగా చేరినప్పుడు సూపరింటెండెంటు వెంకటి సార్ నేర్పారు.

"రోజు రెండు ఇడిచిపెట్టు బిడ్డా," అన్నారాయన. "రేపు ఎవలొస్తరో మనకెర్కనా. గడువు నిన్ననే అయిపోయిందని ఎవలో ఒకలు ఏడ్సుకుంట వస్తరు. గప్పుడు నీ తాన జాగ ఉండాలె."

అలా వచ్చినవాళ్లు ఉన్నారు. మొన్న ఏప్రిల్‌లో బోయినపల్లి వైపు నుంచి పోశవ్వ అనే ఆవిడ వచ్చింది. భర్త మస్కట్‌లో ఉన్నాడు. అతని సంతకం ఉన్న కాగితం ఒక రోజు ఆలస్యంగా చేరింది. నేను వెనక్కి తిరిగి ఖాళీ వరుస ఒకటి వెతికి, ఆమె కాగితం జతచేసి మేం పంపే ఉత్తరానికి ఇచ్చాను. ఆమె నా కాళ్లకు దండం పెట్టబోతే వాటిని కుర్చీ కిందికి లాక్కున్నాను. దండం పెట్టవలసింది ఆ వరుసకు అనిపించింది. ఆ వరుసలో దయ, అబద్ధం ఒకే కొలతలో ఉంటాయని అప్పుడు తోచలేదు. తోచినా పట్టించుకునే ఓపిక ఉండేది కాదేమో.

నాకిప్పుడు యాభై నాలుగేళ్లు. ఇల్లు కోరుట్లలో, ఆఫీసు సిరిసిల్లలో. కొత్త జిల్లాలు అయినప్పుడు నా పేరు ఈ జిల్లా జాబితాలో పడింది. పొద్దున ఆరు నలభైకి బస్సెక్కి వేములవాడ మీదుగా వస్తాను, చీకటిపడ్డాక ఇల్లు చేరతాను. తొమ్మిదేళ్లుగా ఇదే. కిటికీ పక్కన సీటు దొరికితే నిద్రపోతాను, దొరకకపోతే నిలబడే నిద్రపోతాను. మోకాళ్లు పాడయ్యాయని, కోరుట్లలో ఒక పోస్టు ఖాళీగా ఉందని, నన్ను డిప్యుటేషన్ మీద అక్కడికి పంపమని దరఖాస్తు పెట్టుకున్నాను. మా ఆఫీసరు మధుకర్ సార్ 'అభ్యంతరం లేదు' అని ఒక్క ముక్క రాస్తే చాలు. మూడు వారాలుగా ఆ ఫైలు ఆయన టేబుల్ మీద ఎడమవైపు కట్టలో, అడుగు నుంచి రెండోది.

నా పని రాయడం, అదీ ఇతరుల కోసం. ఇప్పటికి పదకొండు మంది ఆఫీసర్ల కింద పనిచేశాను. ఒకాయన 'తక్షణమే' అనే మాట లేకపోతే సంతకం పెట్టేవాడు కాదు. ఇంకొకాయనకు ఆ మాట చూస్తే భయం. వాళ్లు గదిలోకి పిలిచి సగం వాక్యం చెప్తారు, మిగతా సగం నాకు తెలుసు. వాళ్లకు ఏం కావాలో వాళ్లకంటే ముందు తెలియడమే నా విద్య. అది నాకు ఎంత లోతుగా ఒంటబట్టిందో ఆ గురువారం వరకు తెలియదు.

ఆ రోజు పదకొండు గంటలకు హైదరాబాదు హెడ్డాఫీసు నుంచి ఫోను వచ్చింది. రెండు రోజుల కిందట సిరిసిల్లలో మరమగ్గాలు నడిచే ఒక సాంచెల షెడ్డులో కరెంటు బోర్డు కాలిపోయి మొగిలి అనే కార్మికుడి కుడిచేయి మోచేతి దాకా కాలింది. అతను అంతకుముందే, మే ఆరో తేదీన, ఆ బోర్డు నిప్పులు కక్కుతోందని మా ఆఫీసుకు దరఖాస్తు ఇచ్చాడు. దాని మీద ఏం చర్య తీసుకున్నారో సాయంత్రంలోగా తెలపాలని ఫోను సారాంశం.

ఏ చర్యా తీసుకోలేదు. దరఖాస్తును మా ఆఫీసు కరెంటు ఆఫీసుకు పంపి, తనిఖీ చేయమని అడగాలి. నాలుగు వరుసల ఉత్తరం అది. మే ఏడున నేను రాసి లోపల పెట్టాను. సంతకం కాలేదు. ఆరు వారాలు అది మధుకర్ సార్ ట్రేలో ఉంది. రెండుసార్లు గుర్తు చేశాను. మూడోసారి చేయలేదు. ఎందుకు చేయలేదని తర్వాత చాలాసేపు ఆలోచించాను. అలిసిపోయాను అన్న జవాబు తప్ప ఇంకోటి దొరకలేదు.

సార్ గదిలోకి పిలిచారు. ఆయన చెడ్డ మనిషి కాదు. కోపం వస్తే గొంతు పెంచడు, ఇంకా తగ్గిస్తాడు.

"మేడం, కూర్సోండ్రి," అన్నారు. కూర్చోమన్నారంటే పెద్ద పనే. "మొగిలి దరఖాస్తు మనం మే నెలల్నే పంపించినట్టు ఉండాలె. ఎనిమిదో తారీకు ఏస్దాం. రిజిస్టర్ల జాగ ఉన్నది గదా?"

"ఉన్నది సార్."

"కరెంటాఫీసోళ్లు మాకు రాలేదంటరు. అననియ్యి. మనం భూదేవి చేతికిచ్చినం, ఆమె ఎక్కడ్నో పారేసింది. గంతే. ఔట్‌సోర్సింగ్ మనిషి, ఏజెన్సీకి ఒక్క లెటర్ రాస్తే తీసేస్తరు. ఇంకోకాడ ఎక్కడ్నన్న పెడ్తరు ఆమెను."

భూదేవి మా అటెండరు. ఊళ్లో ఆఫీసులకు ఉత్తరాలు చేత్తో పట్టుకెళ్లి ఇచ్చేది ఆమె. నేను విన్నాను. విన్నప్పుడు నాలో ఏమీ జరగలేదు. ఆ తర్వాత నా నోరు మాట్లాడింది.

"ఎనిమిది నాడు భూదేవి రాలె సార్. సెలవు పెట్టింది. తొమ్మిదైతె సరిపోతది."

మధుకర్ సార్ నవ్వారు. మనస్ఫూర్తిగా, తేలికపడ్డట్టు. "గిందుకే మీరుండాలె మేడం. నాకు గిది యాదికే రాలె." తర్వాత ఎడమవైపు కట్ట మీద చెయ్యి వేశారు. "మీ డిప్యుటేషన్ ఫైల్ సుత ఇయ్యాల్నే చూసేద్దాం."

లేచి వచ్చి నా కుర్చీలో కూర్చున్నాను. ఫ్యాను తిరుగుతోంది. టేబుల్ మీది కాగితాలు గాలికి లేచి పడుతున్నాయి. వాటి మీద పేపర్ వెయిట్ పెట్టాలన్న సంగతి కూడా తోచలేదు. ఆయన నన్ను అబద్ధం రాయమన్నారు. నేను ఆ అబద్ధంలో తప్పు దిద్దాను. ఎవరూ అడగలేదు. బలవంతం చేసి ఉంటే బలవంతం అని చెప్పుకోవచ్చు. ముగ్గులో ఒక చుక్క తప్పిపోతే వేలు దానంతటదే పోయి పెట్టినట్టు, నా ప్రమేయం లేకుండానే ఆ మాట వచ్చింది. నా ప్రమేయం లేకుండా వచ్చినదే నేనేమో అనిపించింది.

మధ్యాహ్నం అన్నం తినేటప్పుడు పక్క సెక్షను తిరుపతికి చెప్పాను. నాలాగే సీనియర్ అసిస్టెంటు, వయసులో నాకంటే చిన్న. టిఫిను డబ్బా మూత తీయకుండానే పక్కవాళ్ల డబ్బాలో ఏముందో చూసే మనిషి.

"గా నంబరు ఇచ్చెయ్యరాదక్కా," అన్నాడు. "నువ్వేమన్న కొత్తగ ఇస్తున్నవా? గా ఖాళీలల్ల సగం ఊరు బతికింది."

"గప్పుడు ఎవ్వల కడుపు మీద కొట్టలె గదా."

"భూదేవిది పర్మనెంట్ నౌకరా ఏంది? నెలకో ఏజెన్సీ మారుతది. తెచ్చే చాయ చూసినవా, చెరువు నీళ్లు నయం." నా డబ్బాలోంచి మామిడికాయ ముక్క తీసుకున్నాడు. "నువ్వు కోరుట్ల పోతె గీ తొక్కు ఎవలు పెడ్తరు నాకు? ఒద్దక్కా, ఇయ్యకు. గిక్కడ్నే ఉండు."

నవ్వాడు. నేనూ నవ్వాననుకుంటాను.

భూదేవి మీద నాకు ప్రత్యేకమైన ప్రేమేమీ లేదు. ఈ సంగతి చెప్పకపోతే మిగతాది అబద్ధమవుతుంది. ఆమె టీ చల్లగా తెస్తుంది. వరండాలో నిలబడి బిడ్డ అక్షితతో ఫోనులో గట్టిగా పోట్లాడుతుంది. లోపల మేం పనిచేస్తున్నామన్న ఎరుక ఉండదు. పని చెప్తే ముందు మొహం ముడుస్తుంది, తర్వాత చేస్తుంది. ఆమె మంచిదై ఉంటే నిర్ణయం తేలిక అయ్యేది, చెడ్డదై ఉన్నా తేలికే. ఆమె రెండూ కాదు, నాలాగే ఒక మనిషి.

ఒక్క విషయంలో మాత్రం ఆమెకు పట్టింపు ఉంది. ఉత్తరం ఇచ్చి వచ్చినప్పుడు తపాలా పుస్తకంలో అవతలి ఆఫీసు వాళ్ల సంతకం తీసుకోవాలి. భూదేవికి సంతకం చాలదు, గుండ్రటి ముద్ర కూడా కావాలి. "సంతకం ఎవ్వలన్న గీకుతరు, ముద్ర అయితె బీరువల ఉంటది," అంటుంది. ముద్ర ఉన్న మనిషి భోజనానికి పోతే ఆయన వచ్చేదాకా మెట్ల మీద కూర్చుంటుంది. బ్యాంకుల్లో, కరెంటాఫీసులో ఆమెను ముద్రల భూదేవి అంటారు. "వచ్చిందిరా, ముద్ర తీయున్రి," అని నవ్వుతారట. ఆమె ఆ మాట మాకు తనే చెప్పింది, కొంచెం గర్వంగా.

అన్నం తిన్నాక ఆ తపాలా పుస్తకం తెరిచి మే తొమ్మిది చూశాను. ఆ రోజు నాలుగు ఉత్తరాలు. నాలుగు సంతకాలు, నాలుగు ముద్రలు. ఒక ముద్రలో ఇంకు సరిగా పడలేదని పక్కనే రెండోసారి కొట్టించింది. వాటి కింద నేనిప్పుడు ఐదోది రాయాలి. కరెంటాఫీసు, భూదేవికి ఇవ్వబడినది, సంతకం లేదు, ముద్ర లేదు.

డిస్పాచ్ రిజిస్టరు తెరిచాను. మే తొమ్మిది, చివరి ఉత్తరం నాలుగు వందల ముప్పై ఆరు. ముప్పై ఏడు, ముప్పై ఎనిమిది ఖాళీ. తెల్లగా, నా చేతిరాతలో ఉన్న అంకెల పక్కన. మొగిలి దరఖాస్తు పక్కనే ఉంది. కింద అతని సంతకం. బడి మానేసి చాలా ఏళ్లయిన వాళ్లు పెట్టే సంతకం. ప్రతి అక్షరం విడివిడిగా, నెమ్మదిగా, నొక్కి రాసినట్టు. కుడిచేత్తో పెట్టి ఉంటాడు. ఈ ఆలోచన వచ్చినప్పుడు ఏడుపు రావాలి. రాలేదు. ముప్పై ఏళ్లలో ఎన్ని సంతకాలు చూశానో. కన్ను చూస్తుంది, లోపలికి ఏదీ దిగదు. ఆ ఏడుపు రాకపోవడమే నన్ను మొగిలి చేయికంటే ఎక్కువ భయపెట్టిందని తెలిసి నా మీద నాకే అసహ్యం వేసింది. అసహ్యం కూడా ఎక్కువసేపు నిలవలేదు.

భూదేవి టీ తెచ్చి పెట్టింది.

"మేడం, కరెంటాఫీసుకు ఏమన్న ఉన్నయా? అటు దిక్కే పోతున్న. మల్ల నాలుగింటికి పొమ్మంటె నాతోని కాదు, ముందే చెప్తున్న."

"ఉంటది. ఆగు జర."

"ఆగుడేనాయె నా బతుకు." వెళ్లి వరండాలో స్టూలు మీద కూర్చుంది.

టీ తాగాను. చల్లగా ఉంది. పెన్ను తీసి ముప్పై ఏడు మీద పెట్టాను. ఒక్క వరుస. రాస్తే ఈ ఆగస్టుకల్లా నేను కోరుట్లలో ఉంటాను. పొద్దున ఏడింటికి లేవచ్చు. మోకాళ్లకు నూనె రాసుకునే వేళ దొరుకుతుంది. ఇదంతా నిజమే. నేను రాయడానికి సిద్ధపడ్డాను కూడా. కానీ చెయ్యి కదల్లేదు. ధర్మం గుర్తొచ్చి కాదు. ఇంకొకరి కోసం ఇంకొక వాక్యం రాసే శక్తి ఆ క్షణంలో నాలో లేదు. నిండిన బస్సు మన ముందు ఆగినప్పుడు ఎక్కాలనుకుంటాం, కాలు లేవదు, అలాంటిది.

ఆ పెన్ను పక్కన పెట్టి ఎర్ర పెన్ను తీశాను. ముప్పై ఏడు, ముప్పై ఎనిమిది మీద అడ్డంగా గీత కొట్టి 'రద్దు' అని రాసి పొట్టి సంతకం చేశాను. సంతకం కింద తేదీ వేయాలి. మే తొమ్మిది అని వేస్తే ఎవరికీ అనుమానం రాదు, ఆ రోజే కొట్టేశాననుకుంటారు. చెయ్యి అటే పోయింది కూడా. దాన్ని ఆపి ఈ రోజు తేదీ వేశాను, జూన్ పంతొమ్మిది.

అక్కడితో ఆగితే ఆ ఒక్క రోజే ఎందుకని అడుగుతారు. రేపు ఇంకో తేదీ అడుగుతారు. వెనక్కి, జనవరి రెండుకు వెళ్లాను. అక్కడి నుంచి పేజీ తర్వాత పేజీ. గీత, రద్దు, సంతకం, జూన్ పంతొమ్మిది. నేను ఇదివరకే ఎవరికో ఇచ్చేసిన వరుసలు అక్కడక్కడ తగిలాయి. పోశవ్వ వరుస కూడా. వాటి జోలికి పోలేదు. నిన్నటి రెండు ఖాళీలతో ముగిసింది. గంటన్నర పట్టింది. చూపుడువేలు తిమ్మిరెక్కింది. తిరుపతి రెండుసార్లు వచ్చి చూసి వెళ్లిపోయాడు. మాటలు లేని తిరుపతిని నేను మొదటిసారి చూశాను.

మూడున్నరకు రిజిస్టరు తీసుకుని సార్ గదిలోకి వెళ్లాను. ఆయన మే నెల పేజీ తిప్పారు, తర్వాత ఏప్రిల్, తర్వాత మళ్లీ మే.

"ఇదేంది మేడం?"

"ఖాళీలు మూసేసిన సార్."

"అన్నియా?"

"అన్ని."

గొంతు ఇంకా తగ్గింది. వినడానికి ముందుకు వంగవలసి వచ్చింది. "ఆర్నెల్లు ఖాళీలు ఇడిచిపెట్టిన్రని మీ చేతితోని మీరే రాసిచ్చిన్రు. రేపు ఆడిట్ల పట్టుకుంటె మీకే మెమో వస్తది."

"వస్తది సార్."

"భూదేవి కోసమా?"

"తెల్వది సార్. రాయబుద్ధి గాలె," అన్నాను.

ఆయన రిజిస్టరు మూసి నా వైపు నెట్టారు. "మరి హైదరాబాదుకు ఏం రాయాలె?"

అదీ రాసి తెచ్చాను. రెండు కాగితాలు ముందు పెట్టాను. ఒకటి హైదరాబాదుకు: దరఖాస్తు మే ఆరున అందిందని, పరిశీలనలో ఉండగానే ప్రమాదం జరిగిందని, ఈ రోజు కరెంటు ఆఫీసుకు పంపామని. రెండోది కరెంటు ఆఫీసుకు, మే ఏడున రాసిన అవే నాలుగు వరుసలు, ఈ రోజు తేదీతో, కింద ఒక వరుస ఎక్కువ: ప్రమాదం జరిగినందున తక్కిన బోర్డులను కూడా తనిఖీ చేయగలరు. 'పరిశీలనలో ఉండగా' అన్న మాట దగ్గర ఆయన వేలు ఆగింది. అది అబద్ధం కాదు. ట్రేలో ఉన్న కాగితాన్ని అలాగే అంటాం. ఆయనకు కూర్చోవడానికి ఆ మాటలో కొంచెం చోటు ఉంచాను. ఖాళీలన్నీ మూశాననుకున్నాను గానీ, అదీ ఒక ఖాళీయే. ఆయన రెంటి మీదా సంతకం చేశారు.

లేస్తుంటే ఆపారు. ఎడమవైపు కట్టలో అడుగు నుంచి రెండో ఫైలు లాగి నా వైపు జరిపారు.

"దీనికి సుత డ్రాఫ్ట్ పెట్టున్రి మేడం." నా మొహం చూడలేదు. "ఆఫీసు అవసరాల దృష్ట్యా. మీకు ఎర్కే గదా ఎట్ల రాయాల్నో."

ఎరుకే. నా సీటుకు వచ్చి రాశాను. శ్రీమతి ఊర్మిల, సీనియర్ అసిస్టెంటు, కోరుట్లకు డిప్యుటేషన్ కోరుతూ పెట్టుకున్న దరఖాస్తును పరిశీలించడమైనది. ఈ కార్యాలయంలో అనుభవజ్ఞులైన సిబ్బంది ఆవశ్యకత దృష్ట్యా ఆమె అభ్యర్థనను ప్రస్తుతం అంగీకరించుట సాధ్యపడదు. 'ప్రస్తుతం' అనే మాట నేనే చేర్చాను. ఎవరికి రాసినా చేరుస్తాను. ఆ మాట చదివినవాళ్లు దాన్ని పట్టుకుని ఇంకొక ఏడాది గడుపుతారు. మొదటిసారే సరిగ్గా వచ్చింది, కొట్టివేత లేదు. సార్ చదవకుండానే సంతకం చేశారు.

హైదరాబాదు ఉత్తరానికి ఐదు వందల ఎనభై తొమ్మిది, కరెంటాఫీసు ఉత్తరానికి ఐదు వందల తొంభై, నా ఉత్తరానికి ఐదు వందల తొంభై ఒకటి.

భూదేవి నాలుగున్నరకు వెళ్లి, ఐదున్నరకు చెమటతో వచ్చింది. తపాలా పుస్తకం నా ముందు తెరిచి పెట్టింది. కరెంటాఫీసు సంతకం, దాని మీద గుండ్రటి ముద్ర, నిండుగా, అక్షరాలన్నీ కనిపిస్తూ.

"ముద్ర మనిషి ఇంటికి పోతుండె. బండి స్టార్ట్ చేసినోన్ని దింపిన," అంది. "తిట్టుకుంటనే కొట్టిండు."

"మంచిది."

"ఇంకోటి ఉన్నదట గదా, సార్ చెప్పిండు. ఎవలకు?"

"నాకే."

కవరు తీసి చూసింది, నా పేరు చూసి నా మొహం చూసింది. ఆమె పెద్దగా చదువుకోలేదు గానీ ఆఫీసు కవరులో మంచి వార్త ఏ మందంలో ఉంటుందో చేతికి తెలుసు. "పంపుతలేరా మిమ్ముల?" అంది.

"ఇప్పుడు కాదట."

"ఎందుకట?"

"నేను లేకుంటె ఆఫీసు నడవదట."

"గట్లనే అంటరు తియ్యి," అంది భూదేవి. "మా ఇంట్ల సుత నాకు గట్లనే చెప్పి అన్ని పనులు నాతోనే చేపిస్తరు." పుస్తకం తిప్పి నా వైపు పెట్టింది. "సంతకం పెట్టున్రి."

పెట్టాను. ఆమె పుస్తకం తీసుకోలేదు. అలాగే నిలబడింది.

"ముద్ర?"

"నాకేం ముద్ర ఉంటది భూదేవీ."

"ఆఫీసుది కొట్టున్రి. ఒట్టి సంతకం నేను తీస్కోను, మీరైనా ఎవలైనా."

సొరుగు తెరిచి ముద్ర తీశాను. ఇంకు పెట్టె దాదాపు ఎండిపోయింది. రెండుసార్లు నొక్కి కొట్టాను. ఆమె వంగి, పుస్తకాన్ని వెలుతురు వైపు తిప్పి చూసి, అక్షరాలు సరిగా పడకపోయినా వలయం పూర్తిగా పడిందని నిర్ధారించుకుని, చంకలో పెట్టుకుని వెళ్లిపోయింది.

డిస్పాచ్ రిజిస్టరు దగ్గరికి లాక్కున్నాను. ఐదు వందల తొంభై ఒకటి కింద, అలవాటు ప్రకారం, పెన్ను తొంభై రెండు వేయబోయింది. స్కేలు తీసి తొంభై ఒకటికి ఆనుకుని, ఖాళీ మిగలకుండా గీత గీశాను. కోరుట్ల బస్సుకు ఇంకా పది నిమిషాలుంది.